తలకిందుల ఉత్తరం

"కాగితంలో ఏముందో ఈసారి మీకు ముందుగా చెప్పనమ్మా," అంది డైరెక్టరు. "కెమెరా తిరుగుతుంటే కవరు విప్పుతారు. అప్పుడే మొదటిసారి చదువుతారు. పైకి, మీ గొంతుతోనే. ఒక్కటే టేకు."

చెప్పి, బహుమతి ఇచ్చినదానిలా నవ్వింది. ముప్పై నిండని పిల్ల. నెత్తిమీద కళ్లజోడు, చెవి వెనక పెన్సిలు, నిలబడ్డ చోట నిలబడదు. ఎదురుగా కూర్చున్న ఉత్తరాలమ్మ కూడా నవ్వింది. డెబ్బయ్యారేళ్ల మనిషి, అందులో డెబ్బయ్యేళ్లు మొహాన్ని నమ్ముకునే బతికింది. నవ్వడం ఎంతసేపు?

"దానికేం భాగ్యం, చదువుతాను," అంది.

అబద్ధం. ఉత్తరాలమ్మకి పొట్ట కోస్తే అక్షరం ముక్క రాదు.

ఆ సంగతి తెలిసిన మనిషి లోకంలో ఒక్కతే ఉండేది, అక్క. ఆవిడ పోయి ముప్పై ఎనిమిదేళ్లయింది.

తల్లి ఊరూరూ తిరిగే నాటకాల కంపెనీలో దుస్తులు కుట్టేది. మూడు నెలలు ఒకచోట ఉంటే గొప్ప. అక్క పంతం మనిషి. ఎక్కడ బడి కనిపిస్తే అక్కడ కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి, పొట్లాం కాగితాలు కూడబలుక్కుని, తనంతట తనే చదవడం నేర్చుకుంది. చెల్లెలికి ఆ అవసరం రాలేదు. ఆరో ఏట స్టేజీ ఎక్కించారు. ఏ మాటైనా ఒక్కసారి చెవిన పడితే రాతి మీద చెక్కినట్టు ఉండిపోయేది. పెద్దవాళ్లు మాట తప్పితే తెర వెనక నుంచి అందించేది కూడా ఆ బుడంకాయే. "ఈ పిల్లకి చదువెందుకు? చెవులు చాలు," అని కంపెనీ యజమాని మురిసిపోయేవాడు. ఆ మురిపెమే కొంప ముంచింది.

పద్దెనిమిదో ఏట సినిమాల్లోకి వచ్చింది. అక్క వెంట వచ్చింది. పొద్దున్నే చెల్లెలి తల దువ్వుతూ ఆ రోజు సీను చదివి వినిపించేది. జడ చివరికొచ్చేసరికి సీనంతా చెల్లెలి నోట్లో ఉండేది. సెట్లో ఎవరైనా కాగితం చేతికివ్వబోతే అక్క అడ్డుపడేది. "మా చెల్లెలు కాగితం ముట్టదండీ. కథ చెవిలోంచి గుండెలోకి దిగాలంటుంది." పత్రికలవాళ్లు ఆ మాట అచ్చేశారు. అచ్చులో పడ్డాక అబద్ధానికి కూడా మర్యాద వస్తుంది. అప్పటినుంచి అది ఆవిడ పద్ధతి అయిపోయింది, కొత్తగా వచ్చిన హీరోయిన్లు కొందరు నేర్చుకోబోయి భంగపడ్డారు కూడా.

ఇంత చేసీ ఆవిడకి పేరు తెచ్చినవి ఉత్తరాలే. ఆ రోజుల్లో ఉత్తరం సీనంటే నటి కాగితం చూస్తూ నిలబడాలి, రాసినవాడి గొంతు వెనకనుంచి వినిపించాలి. చదివే పని లేదు, చూసే పనే. అక్క నేర్పింది: "ఎడమ నుంచి కుడికి, చీమ పాకినట్టు. అంచుకి రాగానే మళ్లీ మొదటికి. అయిదు వరసలకోసారి ఆగు, ఊపిరి పీల్చు." కాగితం ఏ వైపు పైకో తెలియడానికి అక్క ముందుగానే కుడిచేతి పై మూల చిన్న మడత పెట్టి ఉంచేది. ఆ మడత వేలికి తగిలితే చాలు, ఉత్తరాలమ్మకి ధైర్యం. మొగుడి ఉత్తరం, జైలు నుంచి కొడుకు ఉత్తరం, ఇంకెవర్నో కట్టుకున్న ప్రియుడి ఉత్తరం... "పోస్టుమాను కంటే ఎక్కువ ఉత్తరాలు ముట్టుకున్న మనిషి" అని స్టూడియోలో జోకులు. కథలో ఉత్తరం లేకపోతే నిర్మాతలు ఇరికించేవాళ్లు.

అక్క బతిమాలని ఏడాది లేదు. "నేర్చుకోవే. నెల రోజుల పని. ఇవాళ నేనున్నాను, రేపు?"

"రేపూ ఉంటావు."

"ఎల్లుండి?"

"నీ నోట్లో మంచి మాట రాదా అక్కా?"

ఒకసారి పలక కొనుక్కొచ్చింది. చెల్లెలు దాన్ని బీరువా కిందికి తన్నేసింది. బద్ధకం అనుకుంది అక్క, పొగరు అని కూడా అనుకుంది. రెండూ కాదు. చెల్లెలి లెక్క వేరు. తనకి చదువొస్తే అక్కతో పనేముంటుంది? పనిలేని అక్క ఎన్నాళ్లుంటుంది? అక్షరాలు రాకపోవడమొక తాడు; ఆ తాడుతో అక్కని కట్టేసుకున్నాననుకుంది.

తాడు తెగింది. నలభై ఒకటో ఏట అక్కకి పెళ్లి కుదిరింది. వరుడు రైలు గార్డు, మొదటి భార్య పోయినవాడు. ఊ అనిపించుకోవడానికి ఆర్నెల్లు ఆయన జెండా ఊపుతూనే ఉన్నాడు పాపం. వెళ్లే రోజు పొద్దున అక్క పెట్టె పట్టుకుని గది గుమ్మంలో నిలబడింది. "వెళ్లొస్తానే," అంది. చెల్లెలు అద్దంలో బొట్టు దిద్దుకుంటూ, "షాటుకి టైమైంది. నువ్వెళ్లు," అంది. వెనక్కి తిరగలేదు. పెట్టె మెట్ల మీద తగులుతూ దిగుతున్న చప్పుడు పూర్తిగా ఆగేదాకా ఆ బొట్టు దిద్దుతూనే ఉంది.

ఆ రోజే ఉత్తరం సీను. సామాన్ల అతను కాగితం చేతికిచ్చాడు. వేలితో నాలుగు మూలలూ తడిమింది. మడత లేదు. "యాక్షన్" అన్నారు. చేతులు వణికాయి. చీమని ఎడమ నుంచి కుడికి నడిపించింది, అది దారిలో ఎక్కడో తప్పిపోయింది. కెమెరా భుజం మీదుగా కాగితాన్ని చూసింది. అక్షరాలన్నీ తలకిందులు. అప్పుడెవరూ గమనించలేదు, గమనించేసరికి సెట్టు పీకేశారు. సినిమా విడుదలైంది. ఒక పెద్ద విమర్శకుడు అరపేజీ రాశాడు: దుఃఖంలో మునిగిన స్త్రీకి కాగితం తలా తోకా ఏం తెలుస్తుంది, ఇంత సూక్ష్మమైన నటన మన తెర మీద ఇంతవరకు చూడలేదు అని. ఆ ఒక్క షాటు ఆవిడకి నాలుగు అవార్డులు తెచ్చింది.

మూడేళ్లకి టెలిగ్రాం వచ్చింది. ఇంట్లో ఎవరూ లేరు. దాన్ని పట్టుకుని మధ్యాహ్నం దాకా కూర్చుంది, డ్రైవరు వచ్చి చదివే వరకు. తర్వాత ఎప్పుడు తలుచుకున్నా ఆవిడకి ఒకటే తోచేది. ఆ అరపూటా అక్క తన చేతుల్లో బతికే ఉంది.

అక్క లేని ఆ ఏళ్లలో సీను ఎవరో ఒక అసిస్టెంటు చదివి వినిపించేవాడు, అది ఆవిడ పద్ధతి కదా. యాభై దాటాక సినిమాలు తగ్గాయి. టీవీకి వచ్చింది, మొదట అత్తగా, తర్వాత బామ్మగా. టీవీలో ఆవిడకి ఏ చింతా లేకపోయింది, అక్కడ ప్రాంప్టరు ఉంటారు గనక. కెమెరాకి కనబడకుండా సోఫా వెనకో తలుపు పక్కనో నక్కి, మాటలు చిన్నగొంతుతో అందిస్తారు. నటులు అందుకుని పలుకుతారు. ఆవిడ ప్రాంప్టరు యాభయ్యేళ్ల బక్కపలచటి మనిషి, నోట్లో నువ్వుగింజ నానదు. సెట్లో అందరూ చిలక అంటారు. "చిలక నేను కాదు, మీరు," అనేది తను. "పలికించేదాన్ని నేను."

ఇప్పుడు మేకప్ గదిలో ఉత్తరాలమ్మ తలుపు గడియ వేసి చిలక చెయ్యి పట్టుకుంది.

"ఒసే, ఆ డైరెక్టరు పిల్ల ఉత్తరం ఎక్కడ పెట్టిందో చూశావా?"

"చూశాను."

"అందులో ఏముందో... అంటే, నాకు తెలుసుకోవాలని కాదు. ఒకసారి విని ఉంటే బాగా వస్తుంది కదా. అలవాటు."

చిలక ఆవిడ మొహంలోకి చూసింది. "చదివేశాను అమ్మగారూ. వాళ్లు లైట్లు పెట్టుకుంటుంటే బ్యాగులోంచి తీసి గబగబా చూశా. పన్నెండు వరసలు. చెప్తాను, కూర్చోండి."

"నేను అడక్కముందే?"

"మీకు చదవడం రాదుగా మరి."

ఉత్తరాలమ్మకి తేలు కుట్టిన దొంగ పరిస్థితి. అరవనూ లేదు, ఊరుకోనూ లేదు.

"ఎప్పట్నుంచి తెలుసే?"

"పద్నాలుగేళ్లు. నేను కొత్తగా చేరినప్పుడు సీను పేపరనుకుని మీకు ఇంకో కాగితం ఇచ్చాను. వడ్రంగి రాసిన మేకుల పట్టీ అది. మీరు కళ్లజోడు పెట్టుకుని పైనుంచి కిందిదాకా చూసి, 'బాగుంది కానీ సెంటిమెంటు కాస్త ఎక్కువైంది' అన్నారు."

ఎంత ఆపుకున్నా ఆగలేదు, ఉత్తరాలమ్మకి నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే కళ్లు నిండాయి. చిలక తువ్వాలు అందించి, "మేకప్ పోతుంది," అని గదిమింది. "ఇంద, వినండి. 'నానమ్మా' అని మొదలు..."

"ఉండవే."

"టైం లేదమ్మా. ఇవాళంటే నేనున్నాను గనక సరిపోయింది. రేపు నేను లేకపోతే ఏం చేస్తారు?"

మనిషి వేరు, గొంతు వేరు. మాట మాత్రం అదే. ఉత్తరాలమ్మ వీపు మీద ఎవరో చన్నీళ్లు పోసినట్టయింది. విన్నదంటే ఈ పూట గట్టెక్కుతుంది, అందులో అనుమానం లేదు. పన్నెండు వరసలు ఆవిడకి పన్నెండు శ్వాసల పని. ఆ పిల్ల ఎగిరి గంతేస్తుంది. ఎల్లుండి ఇంకో కవరు తెస్తుంది. చిలక మళ్లీ బ్యాగు వెతకాలి. చిలకకి జ్వరం వస్తే? చిలక గార్డుని కట్టుకుంటే? తను మళ్లీ అద్దం ముందు కూర్చుని వీపు చూపిస్తుంది. చెప్పేస్తే మాత్రం ఏమవుతుంది? డైరెక్టరు పిల్ల మనసు విరుగుతుంది. ఆ తలకిందుల షాటు చూసి ఈ రంగంలోకి వచ్చానని మొదటి రోజే చెప్పిన పిల్ల అది. విరిగిన మనసుతో బామ్మ పాత్ర మీద పెన్ను పెడుతుంది. సీరియల్లో ఒక మనిషిని పంపించెయ్యడానికి రెండు వాక్యాలు చాలు. ఈ సెట్టు పోతే పొద్దున్నే లేచి వెళ్లడానికి ఆవిడకి ఇంకో చోటు లేదు.

"చెప్పకు," అంది. "నోరు మూసుకుని ఇక్కడే కూర్చో." లేచి గడియ తీసింది.

"ఎక్కడికి?"

"కాలు కాలిన పిల్లిలా తిరుగుతోంది కదా ఆ పిల్ల, దాని దగ్గరికి."

డైరెక్టరు సెట్లో మెట్ల మీద కూర్చుని ఉంది. ఏడు మెట్లు, ఎనిమిదో మెట్టు ఉండాల్సిన చోట ఖాళీ, అక్కణ్నుంచి స్టూడియో గోడ. ఉత్తరాలమ్మ రెండో మెట్టు మీద కూర్చుంది.

"ఇంకా పది నిమిషాలు ఉందమ్మా."

"నాకు చదవడం రాదు."

"కళ్లజోడు మర్చిపోయారా? పెద్ద అక్షరాలతోనే రాశాను లెండి."

"కళ్లు బానే ఉన్నాయి. అక్షరాలే లేవు. ఎప్పుడూ లేవు."

ఆ పిల్ల నవ్వింది. ఆవిడ నవ్వలేదు. పిల్ల నవ్వు మెల్లగా వాడిపోయింది. "మరి ఆ ఉత్తరం?"

"తలకిందులని నాకు తెలీదమ్మాయ్. పేపర్లో పడ్డాక ఎవరో చదివి చెబితే తెలిసింది."

"నేను దాని మీద ముప్పై పేజీలు రాశాను. కాలేజీలో. మెడల్ ఇచ్చారు."

"బాధపడకు. ఆ ముప్పై పేజీలూ నేనెలాగూ చదవలేదుగా."

పిల్ల మొహంలో నవ్వు రాలేదు. పెన్సిలు చెవి వెనక నుంచి తీసి మళ్లీ పెట్టుకుంది. "చేతులు వణికాయి కదా. అది కూడా పొరపాటేనా?"

"పొరపాటు కాదు. నటనా కాదు." ఉత్తరాలమ్మకి ఇది ఎవరికీ చెప్పిన అలవాటు లేదు, అందుకే మాటలు పాత సినిమా రీలులా తెగి తెగి వచ్చాయి. అక్క, పెట్టె, బొట్టు, మడత లేని కాగితం. "దుఃఖం అని రాసి ఉంటావు నువ్వు. దుఃఖం కాదది. భయం. చేతిలో కాగితం ఉంది, అందులో ఏముందో చెప్పే మనిషి వెళ్లిపోయింది. నేనే పొమ్మన్నాను. ఆ భయం."

డైరెక్టరు లేచి వెళ్లిపోయింది. ఉత్తరాలమ్మ మెట్టు మీదే ఉండిపోయింది, ఎటు పోవాలో తెలియక. అటుపక్క సెట్టు చివర ఆ పిల్ల, ముందు షాటులో ఎవరే చేత్తో గ్లాసు పట్టుకున్నారో రాసిపెట్టుకునే, సెట్లో అందరూ బాబాయి అనే మనిషితో గుసగుసగా ఏదో అంటోంది. బాబాయికి గుసగుస చేతకాదు.

"కుదరదు మేడం! నూట పన్నెండో ఎపిసోడ్‌లో బామ్మ పేపరు చదివింది. రెండొందల నలభైలో వీలునామా చదివి మనవడి చెంప పగలగొట్టింది. నా పుస్తకంలో ఉంది!"

"పేపరు చూసింది బాబాయ్. చదివిందని ఎవరన్నారు?"

"చెంపదెబ్బ?"

"చదువు రాని వాళ్లు కొట్టకూడదా?"

డైరెక్టరు తిరిగి వచ్చింది. ఉత్తరాలమ్మ వైపు కాకుండా ఆవిడ భుజం మీదుగా లైటు వైపు చూస్తూ మాట్లాడింది. "కవరు మీ చేతికి వస్తుంది. ఆ తర్వాత మీరేం చేస్తారో నాకు చెప్పకండి. కెమెరా ఆపను."

కథలో ఇల్లు విడిచి వెళ్లిపోయిన మనవరాలు రాసిన ఉత్తరం అది. "యాక్షన్" వినబడింది. ఉత్తరాలమ్మ కుర్చీలో కూర్చుని కవరు చింపి కాగితం విప్పింది. అలవాటు చొప్పున కళ్లు ఎడమ నుంచి బయలుదేరాయి. రెండు వరసలు నడిచాయి. మూడో వరసలో ఆవిడే ఆపేసింది. ఆపడం కొత్త కావడంతో కళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. కాగితాన్ని ఒళ్లో పెట్టుకుంది.

"అమ్మాయ్," అని పిలిచింది. "ఓ అమ్మాయ్, ఇలా రా."

కోడలి వేషం వేసే అమ్మాయికి ఈ సీన్లో పనే లేదు. సెట్టు బయట కుర్చీలో కూర్చుని ఫోను చూసుకుంటోంది. డైరెక్టరు వెళ్లి రెక్క పుచ్చుకుని లేపి లోపలికి తోసింది. ఆ అమ్మాయి తడబడినా గట్టిదే, చేతులకి లేని తడిని బట్టలకి తుడుచుకుంటూ వంటింట్లోంచి వస్తున్నట్టు వచ్చింది.

"ఏంటత్తయ్యా?"

"నాకు చదవడం రాదే. ఇన్నాళ్లూ వచ్చినట్టు నెట్టుకొచ్చాను. ఇది కాస్త చదివి పెట్టు."

కోడలు ఒక్క క్షణం నిజంగానే నోరు తెరిచింది. తర్వాత కాగితం తీసుకుంది. ఆ అమ్మాయీ దాన్ని చూడటం అదే మొదటిసారి. మాటలు తట్టుకుంటూ, విరుపు తప్పి మళ్లీ వెనక్కి వెళ్తూ చదివింది. "నానమ్మా, చెబితే వెళ్లనివ్వవని చెప్పకుండా వెళ్తున్నాను. నువ్వు నా మీద అలుగుతావు. అలగడం అయిపోయాక నన్ను తిట్టడానికైనా ఒకసారి రా. నా గదిలో కిటికీ సరిగ్గా పడదు, గాలికి కొట్టుకుంటుంది. నువ్వుంటే దానికి ఏదైనా అడ్డం పెట్టేదానివి..."

ఉత్తరాలమ్మ విన్నది. వినడం ఆవిడకి పుట్టుకతో వచ్చిన విద్య, కానీ ఇంతకు ముందు ఎప్పుడు విన్నా మళ్లీ చెప్పడానికే విన్నది. ఇది ఎవరికీ తిరిగి చెప్పక్కర్లేదు. అక్క గార్డుగారి క్వార్టర్లో ఎలాంటి కిటికీ ఉండేదో తనకి తెలియదు. మూడేళ్లలో ఒక్కసారీ వెళ్లలేదు. ఈ ఆలోచన వచ్చినప్పుడు మొహం ఏం చేస్తోందో ఆవిడ చూసుకోలేదు. మామూలుగా చూసుకునేది, లోపల ఒక అద్దం ఉండేది.

"కట్."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. బాబాయి పుస్తకంలో ఏదో గబగబా రాసుకున్నాడు. డైరెక్టరు తెర వైపే చూస్తూ, "తర్వాతి షాటుకి లైటు మార్చండి," అంది. అంతే. బాగుందనీ అనలేదు, బాగోలేదనీ అనలేదు.

ఆ రోజంతా ఆ పిల్ల దూరంగానే మసిలింది. చెప్పాల్సినవి వేరేవాళ్లతో చెప్పి పంపింది. ఉత్తరాలమ్మ భోజనం పళ్లెం పక్కకి నెట్టేసింది. "అయిపోయిందే," అంది చిలకతో. "రేపట్నుంచి బామ్మకి పక్షవాతం రాస్తారు. మాట పడిపోయిందంటారు. మంచం మీద పడుకోబెట్టి కళ్లు ఆర్పమంటారు."

"నాకు మాత్రం హాయి. కళ్లార్పడానికి ప్రాంప్టింగ్ అక్కర్లేదు."

"నీకంతా వేళాకోళమే."

"మరేం చెయ్యను? కూర్చుని మీతో పాటు ఏడవనా? మీకు తోడేడవడానికి వేరే పిల్లని పెట్టుకోండి, నాకు గొంతు పోతుంది."

సాయంత్రం ప్యాకప్ చెప్పారు. మేకప్ తుడుచుకుంటుంటే తలుపు తట్టకుండానే డైరెక్టరు లోపలికొచ్చింది. చేతిలో కాగితాల కట్ట. కళ్లు ఎర్రగా ఉన్నాయి. లైట్ల వల్ల కావచ్చు, కాకపోనూ వచ్చు. స్టూలు లాక్కుని ఉత్తరాలమ్మ మోకాళ్లకి ఎదురుగా కూర్చుంది.

"పొద్దుట్నుంచి మీ మీద కోపంగా ఉంది," అంది. "ఇంకా ఉంది. కానీ ఆ షాటు పదిసార్లు చూశాను." కాగితాలు విప్పింది. "రేపటి సీను. ఇప్పుడే చదివి వినిపిస్తాను. ఇకనుంచి ప్రతి సాయంత్రం నేనే వచ్చి చదువుతాను."

చిలక చేతిలో దువ్వెన బల్ల మీద టప్పున పడింది. "అదెలా కుదురుతుంది మేడం? అది నా పని."

"రాసింది నేను. నేను చదివితే తప్పేంటి?"

"రాయడం వేరు, చదవడం వేరు. నిన్న విన్నాను, ఏడుపు డైలాగు వాతావరణ వార్తల్లా చదివారు."

"నేనా?"

"మీరు కాక ఇంకెవరు? ఇలా ఇవ్వండి ముందు."

"ఇవ్వను."

ఇద్దరూ కట్ట చెరో కొస పట్టుకున్నారు. ఉత్తరాలమ్మ సగం తుడిచిన మొహంతో, చేతిలో దూదితో, మధ్యలో కూర్చుని అటూ ఇటూ చూసింది. బయట కారు వచ్చి ఆగిన చప్పుడైంది.

"ఎవరు చదువుతారో ముందు తేల్చుకోండి," అంది. "నాకేం తొందర లేదు."

అన్నాకగానీ తెలియలేదు, నిజంగానే తొందర లేదని.